అకాడియా వెళ్తున్నారా? ముందు తిథి చూసుకోండి

మే నెల వచ్చిందంటే చాలు, బాస్టన్ నుంచి న్యూజెర్సీ దాకా మన తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో, అమెరికా ఈశాన్య మూలన మెయిన్ రాష్ట్రంలో ఉన్న అకాడియా నేషనల్ పార్కు యాత్ర కోసం ఒక ఎక్సెల్ షీటు తిరగడం మొదలవుతుంది. శుక్రవారం ఆఫీసు అవగానే బయలుదేరి అర్ధరాత్రికి పార్కుకి ముందొచ్చే ఎల్స్‌వర్త్ ఊళ్లో హోటల్. మూడింటికి లేచి కాడిలాక్ కొండ మీద సూర్యోదయం. ఆరున్నరకి శాండ్ బీచ్, ఎనిమిదికి థండర్ హోల్, తొమ్మిదికి ఓటర్ క్లిఫ్, పదకొండుకి జోర్డాన్ పాండ్, ఒంటిగంటకి బార్ హార్బర్‌లో భోజనం, నాలుగింటికి బాస్ హార్బర్ లైట్‌హౌస్. ఆదివారం పొద్దున్నే తిరుగు ప్రయాణం. ఎవరు వేశారో తెలీదు గానీ, ఆ ప్లాను ఏటా చేతులు మారుతూనే ఉంది. పాత తేదీలు తీసేసి కొత్తవి పెట్టడం, అంతే.

అందులో ఉన్న హడావిడి మీద నాకేం అభ్యంతరం లేదు. రెండ్రోజుల సెలవులో ఆరు జిల్లాలు చుట్టేసే జాతి మనది. నా అభ్యంతరం ఏమిటంటే, ఆ షీటులో సముద్రం లేదు. పేర్లన్నీ సముద్రానివే, వేళలు మాత్రం మనవి. థండర్ హోల్ ఎనిమిదింటికి అని రాసినవాడు, ఆ రోజు ఎనిమిదింటికి అక్కడ నీళ్లుంటాయో లేదో చూడలేదు. అమెరికాలో మరే పార్కుకైనా ఈ పద్ధతి ఓ మాదిరిగా నడుస్తుందేమో. అకాడియాలో నడవదు.

ఎందుకు నడవదో చెప్పాలంటే ఆటుపోట్ల దగ్గర మొదలుపెట్టాలి. మనలో కోస్తావాళ్లం సముద్రం పక్కనే పెరిగినా ఆటుపోట్లని పెద్దగా పట్టించుకోం. పట్టించుకోవాల్సిన అవసరం మనకి రాలేదు. విశాఖలోనో కాకినాడలోనో పోటుకీ ఆటుకీ తేడా మనిషి ఎత్తు లోపే. బీచ్‌కి పొద్దున వెళ్లినా సాయంత్రం వెళ్లినా చూసే సముద్రం ఒకటే. బార్ హార్బర్ దగ్గర ఆ తేడా 8 నుంచి 12 అడుగులు. ఆరు గంటల్లో ఒక అంతస్తు ఎత్తున నీళ్లు లేస్తాయి, ఇంకో ఆరు గంటల్లో దిగిపోతాయి. మెయిన్ అఖాతం, దాని కొసన ఉన్న ఫండీ అఖాతం ఆకారమూ లోతూ ఎలా కుదిరాయంటే, అందులో నీళ్లు ఒక్కసారి ఊగి వెనక్కి రావడానికి పట్టే కాలం, రెండు పోట్ల మధ్య ఉండే 12 గంటల 25 నిమిషాలకి బాగా దగ్గర. ఊయల వెనక్కి వచ్చిన ప్రతిసారీ అదను చూసి తోస్తే ఎలా పైకి లేస్తుందో, ఇక్కడ పోటు అలా లేస్తుంది. ఫండీ చివరికి వెళ్తే అది 50 అడుగులు దాటిపోతుంది.

1604లో ఈ తీరం వెంట వచ్చిన ఫ్రెంచి నావికుడు శాంప్లేన్ పడవ ఇక్కడే నీటిలో దాక్కున్న రాతికి కొట్టుకుంది. ఓటర్ క్లిఫ్ దగ్గరే అని చెబుతారు. పార్కులో ఎక్కువ భాగం ఉన్న ఈ దీవికి మౌంట్ డెజర్ట్ అనే పేరు ఆయన చూసిన బోడి కొండల వల్లనే వచ్చింది. ఆయన దగ్గర టైడ్ చార్టు లేదు. మన ఫోన్లో ఉంది.

ఇక ఈ ఎత్తుపల్లాలు ప్లానుని ఎలా మారుస్తాయో చూడండి. బార్ హార్బర్ ఊళ్లో బ్రిడ్జ్ స్ట్రీట్ చివరికి వెళ్తే ఎదురుగా బార్ ఐలండ్ అనే చిన్న దీవి. పోటు మీద ఉన్నప్పుడు మధ్యలో సముద్రమే, పడవలు తిరుగుతుంటాయి. ఆటుకి గంటన్నర ముందు నుంచి గంటన్నర తర్వాత వరకు గులకరాళ్ల దారి ఒకటి బయటపడుతుంది, నడిచి దీవికి వెళ్లి రావచ్చు. మా నాన్నని మొదట పోటు వేళలో ఆ ఒడ్డున కూర్చోబెట్టి కాఫీ తాగించి, సాయంత్రం మళ్లీ తీసుకెళ్లాను. ఆయన భీమిలిలో పుట్టి పెరిగిన మనిషి, సముద్రం గురించి తనకి ఎవరూ చెప్పక్కర్లేదని ఆయన నమ్మకం. "ఏరా, ఇందాక పడవ వెళ్లింది ఇక్కడినుంచే కదూ?" అన్నారు. అవునంటే ఇంకేం మాట్లాడకుండా చెప్పులు చేతిలో పట్టుకుని నడవడం మొదలుపెట్టారు. ఆ రోజు చూసిన మిగతావేవీ ఆయనకి గుర్తు లేవు.

వేళ దాటి అవతల చిక్కుకుపోతే మళ్లీ దారి తేలడానికి తొమ్మిది గంటలు పైగా పడుతుంది. ఆ గులకరాళ్ల మీద కారు ఆపి దీవిలోకి నడిచి వెళ్లి, తిరిగొచ్చేసరికి కారు అద్దాల దాకా మునిగి ఉండటం అక్కడ ప్రతి ఏడూ ఎవరికో ఒకరికి జరిగే ముచ్చటే. ఊరివాళ్లు ఫోన్లు తీసి వీడియోలు తీసుకుంటారు.

థండర్ హోల్ సంగతి దీనికి తలకిందులు. అది రాతిలో సన్నటి చీలిక, లోపల చిన్న గుహ. అల లోపలికి దూరి గాలిని నొక్కితే ఉరుము లాంటి మోత, పైకి నీటి తుంపర. పోటు పూర్తిగా రావడానికి గంట, రెండు గంటల ముందు, సముద్రంలో కాస్త అల ఉన్నప్పుడు మాత్రమే ఇది జరుగుతుంది. ఆటు వేళకి వెళ్తే కాలవలో నీళ్లు గుడగుడమంటాయి, అంతే. "ఇంత దూరం వచ్చింది దీనికా" అని మొహం మాడ్చుకుని తిరిగిపోయేవాళ్లంతా షీటు పట్టుకుని వచ్చినవాళ్లే. అలాగని తుపాను అలల్ని చూడ్డానికి రాళ్ల అంచుకి పోవడం ఇంకా పెద్ద తప్పు. 2009 ఆగస్టు 23న హరికేన్ బిల్ దూరంగా సముద్రంలో పోతుంటే, ఆ అలలు చూడ్డానికి చేరిన జనం మీదికి ఈ థండర్ హోల్ దగ్గరే పెద్ద అల ఎక్కింది. కొందరు కొట్టుకుపోయారు. ఏడేళ్ల పాప చనిపోయింది. రాయి తడిగా ఉన్నంత మేరా సముద్రం వస్తుందని అర్థం. పిల్లల్ని అక్కడ నిలబెట్టి ఫొటో తీయకండి.

సరే, ఇవన్నీ చూసుకుని ప్లాను వేయడం ఎలా? ఇక్కడే మన ఇంట్లో గోడకి వేలాడే తెలుగు క్యాలెండరు పనికొస్తుంది. నిజంగానే. ఆటుపోట్లు నడిచేది చంద్రుడి లెక్క మీద, మన తిథులు నడిచేదీ ఆ లెక్క మీదే. పున్నమి, అమావాస్యల దరిదాపుల్లో బార్ హార్బర్‌లో పోటు పగలు పదకొండు, పన్నెండు మధ్య వస్తుంది. ఆటు తెల్లవారుజామున ఐదారింటికీ, మళ్లీ సాయంత్రం ఐదారింటికీ. అష్టమి దరిదాపుల్లో ఇది తిరగబడుతుంది. ఆటు మధ్యాహ్నం, పోటు పొద్దునా సాయంత్రమూ. మధ్య రోజుల్లో రోజుకి సుమారు 50 నిమిషాల చొప్పున ఆలస్యం కలుపుకుంటూ పోవడమే. పున్నమి, అమావాస్యలు వెళ్లిన ఒకటి రెండు రోజులకి ఎత్తూ పల్లమూ రెండూ బాగా ఎక్కువ. అష్టమికి తక్కువ. ఇది తేదీలు ఎంచుకోవడానికి మాత్రమే. గంట, నిమిషం కావాలంటే అమెరికా ప్రభుత్వ సముద్ర, వాతావరణ సంస్థ నోవా (NOAA) వాళ్ల వెబ్‌సైటులో బార్ హార్బర్ అని కొడితే ఏ రోజుకి ఆ రోజు లెక్క వస్తుంది. దాన్ని ఫోన్లో దింపుకోండి, పార్కు లోపల సిగ్నల్ ఉన్నచోట ఉంటుంది, లేనిచోట లేదు.

ఇప్పుడు ఎంపిక మీది. పున్నమి వారాంతం అయితే పొద్దున పది ప్రాంతంలో థండర్ హోల్, సాయంత్రం నాలుగు తర్వాత తీరిగ్గా బార్ ఐలండ్. వేసవిలో ఎనిమిది దాకా వెలుతురుంటుంది కాబట్టి తొందర లేదు. అష్టమి వారాంతం అయితే మధ్యాహ్నం ఎండలో పిల్లల్ని రాతి మడుగుల దగ్గరికి, థండర్ హోల్ నాలుగింటికి. చిన్నపిల్లలుంటే నేను అష్టమి వైపే మొగ్గుతాను. పిల్లలకి కాడిలాక్ అక్కర్లేదు, పీత కావాలి.

ఆ పీతలు దొరికేది దీవికి పడమటి వైపు. పార్కుకి ఏటా వచ్చే 40 లక్షల సందర్శనల్లో ఎక్కువ భాగం తూర్పు వైపు 27 మైళ్ల లూప్ రోడ్డు మీదే. మొత్తం పార్కు 50 వేల ఎకరాలు కూడా లేదు. 22 లక్షల ఎకరాల యెల్లోస్టోన్‌కి ఏటా దాదాపు ఇంతమందే వెళ్తారంటే, ఇక్కడ ఇరుకు ఎంతో ఊహించుకోండి. పడమటి వైపు షిప్ హార్బర్, వండర్‌ల్యాండ్ అని రెండు దారులున్నాయి. రెండూ మైలున్నర లోపే, చదునుగా, అడవిలోంచి నేరుగా రాళ్ల ఒడ్డుకి చేరుస్తాయి. ఆటుకి గంట ముందు చేరండి. రాతి మీద పైనుంచి కిందికి పట్టీలు పట్టీలుగా కనబడుతుంది. అన్నిటికంటే పైన నల్లటి చార, అది మరక కాదు, సయనోబాక్టీరియా అనే సూక్ష్మజీవులు. దాని కింద తెల్లగా బార్నకిల్స్ (రాతికి అతుక్కుని బతికే చిన్న గుల్ల జీవులు), ఆ కింద గోధుమరంగు సముద్రపు నాచు. ఇంకా కిందికి మడుగుల్లో నత్తలు, పీతలు, అదృష్టం ఉంటే నక్షత్ర చేప. నాచు మీద కాలు పెడితే జారడం ఖాయం, బార్నకిల్స్ మీద అడుగు వేస్తే అవి చస్తాయి. ఉత్త రాయి వెతుక్కుని నడవాలి. దగ్గర్లోనే బాస్ హార్బర్ లైట్‌హౌస్. 1858 నాటిది, ఫొటోలో అందరికీ తెలిసినదే. సూర్యాస్తమయానికి అందరూ ఎగబడతారు, పార్కింగ్ పిడికెడు. నా మటుకు నేను ఆ వేళకి అక్కడికి దగ్గర్లోనే సీవాల్ అనే చోట గులకరాళ్ల ఒడ్డున కూర్చుని తెచ్చుకున్న పులిహోర తింటాను.

ఇక కాడిలాక్. ఈ మాట చెబితే తిట్టేవాళ్లు చాలామంది ఉన్నారు గానీ, కుటుంబంతో వెళ్లేవాళ్లకి వేసవిలో కాడిలాక్ సూర్యోదయం వద్దనే అంటాను. "అమెరికాలో మొట్టమొదట సూర్యుడు పడే చోటు" అని కదా పేరు. అది సుమారుగా అక్టోబర్ 7 నుంచి మార్చి 6 వరకే. జూన్‌లో ఆ హోదా ఇదే రాష్ట్రంలో ఉత్తరాన ఉన్న మార్స్ హిల్‌ది. పైగా జూన్‌లో సూర్యోదయం అయిదు లోపే, అంటే మూడింటికి లేవాలి, లేచిన పిల్లలు పదింటికల్లా కార్లో పడి నిద్రపోతారు. ఆ నిద్రలోనే మీ ఆటు వేళ దాటిపోతుంది. 1,530 అడుగుల కొండ మీద ఆ వేళకి చలి, గాలి. అన్నిటికీ మించి పొగమంచు. జూన్, జులైల్లో తేమగా వెచ్చగా ఉన్న గాలి ఈ చల్లటి నీటి మీదికి వచ్చి మంచు కడుతుంది. ముందు రోజు ఎంత తేటగా ఉన్నా, తెల్లారేసరికి తెల్లటి గోడ. శాండ్ బీచ్‌లో నీళ్లు నడివేసవిలో కూడా 55 డిగ్రీల ఫారన్‌హీట్ దాటడం అరుదు, ఇక మంచు కట్టక ఏం చేస్తుంది?

అయినా వెళ్లి తీరాలంటే ఒక లెక్క గుర్తుపెట్టుకోండి. 2021 నుంచి మే చివర మొదలుకొని అక్టోబర్ చివర దాకా కారుతో కొండెక్కాలంటే ముందే టికెట్ కొనాలి, కారుకి 6 డాలర్లు, ఆన్‌లైన్‌లో మాత్రమే. ఇది పార్కు ప్రవేశ రుసుముకి అదనం. 30 శాతం టికెట్లు 90 రోజుల ముందు, మిగతా 70 శాతం రెండు రోజుల ముందు పొద్దున పదింటికి వదులుతారు. అందరూ 90 రోజుల ముందు దొరకలేదని నిరాశపడతారు. అసలు కొనాల్సింది రెండు రోజుల ముందే. అప్పటికి వాతావరణం ఎలా ఉంటుందో తెలుస్తుంది, మంచుకి టికెట్ కొన్నట్టు ఉండదు. అక్టోబర్ అయితే నేనూ మాట మార్చుకుంటాను. సూర్యోదయం ఆరున్నర దాటాక, ఆకులు రంగు మారి ఉంటాయి, వెళ్లి రండి. ఆ రంగులకీ ఒక కథ ఉంది. 1947 అక్టోబర్‌లో దీవి తూర్పు భాగంలో 17 వేల ఎకరాలకి పైగా కాలిపోయింది. కాలినచోట ఏడాదంతా పచ్చగా ఉండే స్ప్రూస్ అడవికి బదులు ఆకురాల్చే బర్చ్, ఆస్పెన్ చెట్లు మొలిచాయి. ఇప్పుడు పసుపు, ఎరుపు కోసం జనం వచ్చేది ఆ నిప్పు నడిచిన చోటికే. పడమటి వైపు అక్టోబర్‌లోనూ చాలావరకు ముదురాకుపచ్చే.

అమ్మానాన్నల్ని తీసుకెళ్లేవాళ్లకి ఒక మాట. వాళ్లని కారు దింపి ఎక్కించే ప్రయాణం చేయించకండి. మోకాళ్లు ముందు అరిగిపోయేది కారు ఎక్కి దిగడంతోనే. ఈ పార్కులో 45 మైళ్ల క్యారేజి రోడ్లున్నాయి. గుర్రబ్బగ్గీల కోసం జాన్ డి. రాక్‌ఫెల్లర్ జూనియర్ 1913 నుంచి 1940 దాకా దగ్గరుండి వేయించిన కంకర దారులు, రాతి వంతెనలు. చమురు మీద వచ్చిన డబ్బుతో కార్లు రాని రోడ్లు వేయించాడాయన. ఇప్పటికీ వాటి మీదికి కారు రాదు. వాలు చాలా నెమ్మది, స్ట్రోలర్ పోతుంది, డెబ్భై ఏళ్లవాళ్లు మాట్లాడుకుంటూ నడవొచ్చు. పొగమంచు కమ్మిన రోజున చేయాల్సిన పని ఇదే. సముద్రం కనబడకపోయినా ఈ అడవికి మంచు అందం. జోర్డాన్ పాండ్ చుట్టూ ఉన్న మూడు మైళ్ల పైచిలుకు బాట కూడా బాగుంటుంది గానీ పడమటి గట్టున చెక్క పలకల మీద నడవాలి, పెద్దవాళ్లకి కష్టం. అక్కడి పాపోవర్లు (లోపల బోలుగా పొంగే రొట్టెలు) ప్రసిద్ధి. గుడ్డు తినని వాళ్లకి ముందే చెప్పండి, అందులో ఉన్నదే గుడ్డు.

విజిటర్ వీసా మీద వచ్చిన పెద్దవాళ్లుంటే ఖర్చు లెక్క కూడా మారింది. మామూలుగా కారుకి 35 డాలర్లు, ఏడు రోజులు చెల్లుతుంది. 2026 జనవరి నుంచి, అమెరికా నివాసులు కానివాళ్లు వార్షిక పాస్ లేకుండా వస్తే 11 పార్కుల్లో తలకి 100 డాలర్లు అదనం, అందులో అకాడియా ఒకటి. 16 ఏళ్ల లోపు పిల్లలకి లేదు. ఇంత కట్టి ఒక్క పూట తిరిగి వచ్చేయడం ఏం లెక్కో నాకు అర్థం కాదు.

నా వాదనకి ఎదురయ్యే మొదటి మాట డబ్బే. "దీవి మీద హోటల్ రేట్లు చూశావా? ఎల్స్‌వర్త్‌లో సగానికి వస్తుంది." నిజమే. పార్కు లోపల హోటల్ ఒక్కటీ లేదు, క్యాంపు స్థలాలే. బార్ హార్బర్‌లో జులై రేట్లు చూస్తే గుండె ఝల్లుమంటుంది. కానీ ఎల్స్‌వర్త్ నుంచి దీవికి ఉన్నది ఒకే రోడ్డు, వేసవి పొద్దుట అది నత్తనడక. ఆటు వేళ మీకోసం ఆగదు. రెండు రాత్రులు ఎల్స్‌వర్త్‌లో కాకుండా ఒక రాత్రి దీవి మీద ఉండి, రెండో రాత్రి తిరుగు దారిలో ఎక్కడో ఉండండి, ఖర్చు దాదాపు అంతే. జూన్ చివర నుంచి అక్టోబర్ మధ్య దాకా ఐలండ్ ఎక్స్‌ప్లోరర్ అనే ఉచిత బస్సు తిరుగుతుంది. కాడిలాక్ మీదికి పోదు గానీ మిగతా ముఖ్యమైన చోట్లకి పోతుంది. శాండ్ బీచ్ పార్కింగ్ కోసం పొద్దున్నే కొట్లాడే పని తప్పుతుంది.

రెండో మాట, "మళ్లీ మళ్లీ రాం కదా, అన్నీ చూసేయాలి." ఈ మాట అన్నవాళ్లు బాస్టన్ నుంచి అయిదు గంటల దూరంలో ఇంటి లోను తీర్చుకుంటూ ఉన్నారు. మళ్లీ ఎందుకు రారు? రారనే అనుకున్నా సరే, రోజుకి రెండు పనులు గట్టిగా పెట్టుకోండి, ఒకటి ఆటుకి, ఒకటి పోటుకి. మిగతా రోజంతా ఖాళీగా ఉంచండి. ఖాళీని భరించడం మన షీటులకి రాదు.

మూడో రోజు దొరికితే స్కూడిక్‌కి పొండి. పార్కులో ప్రధాన భూభాగం మీద ఉన్న ముక్క అదొక్కటే. బార్ హార్బర్ నుంచి కారులో గంట పైచిలుకు, వేసవిలో వింటర్ హార్బర్‌కి పడవ కూడా ఉంది. లూప్ రోడ్డు ఆరు మైళ్లే, ఒకవైపు దారి. చివర స్కూడిక్ పాయింట్‌లో లేత గులాబీ గ్రానైట్ మధ్యలోంచి నల్లటి రాతి అడ్డగోడలు దూసుకొచ్చి ఉంటాయి. కరిగిన రాయి పగుళ్లలోకి చొచ్చుకొచ్చి గడ్డకట్టినవి. సముద్రం నేరుగా వచ్చి తగిలే చోటు, పోటు వేళకి థండర్ హోల్ కంటే ఇదే బాగుంటుంది, జనం పదో వంతు కూడా ఉండరు. నన్నడిగితే సూర్యోదయానికీ ఇదే. టికెట్టూ లేదు, కొండా లేదు.

నాలుగైదు రోజులుండి, నడిచే కాళ్లున్నవాళ్లకి ఐల్ ఓ హో ఉంది. స్టోనింగ్టన్ నుంచి టపా పడవలో వెళ్లాలి. దీవిలో దాదాపు సగం పార్కుదే. డక్ హార్బర్‌లో రాత్రి ఉండటానికి మూడు వైపులా గోడలున్న చెక్క పాకలు 5 మాత్రమే, బుకింగ్ తెరిచిన రోజే అవి అయిపోతాయి. కారు వెళ్లదు, అక్కడ కొట్టు లేదు, వండుకునేది మోసుకుపోవాలి. చిన్నపిల్లలతో వద్దు. మే మధ్య నుంచి జూన్ మధ్య దాకా అయితే ఎవరితోనూ వద్దు, నల్ల ఈగలు పీక్కు తింటాయి. పిడుదులు (టిక్స్) అన్ని నెలల్లోనూ ఉంటాయి, రాత్రి పడుకునే ముందు పిల్లల మోకాళ్ల వెనక, చెవుల వెనక వెతకండి, వాటి కాటుతో వచ్చే లైమ్ జబ్బు ఈ రాష్ట్రంలో బాగా ఉంది.

ఇన్ని చెప్పినా, "మాకు ఒక్క రోజే ఉందండీ" అనేవాళ్లుంటారు. అలాంటివాళ్లు లూప్ రోడ్డు మొత్తం మర్చిపోండి. ఆ రోజు ఆటు ఎప్పుడో చూడండి. పొద్దున పదికి అయితే ముందు బార్ ఐలండ్, పదకొండున్నరకల్లా ఇవతలికి వచ్చేసి ఊళ్లో భోజనం, తర్వాత బస్సెక్కి శాండ్ బీచ్‌లో దిగి ఓషన్ పాత్ మీద సముద్రం పక్కగా ఓటర్ క్లిఫ్ దాకా నడక. దారిలోనే థండర్ హోల్, రెండు మూడింటికి అక్కడుంటే సరి. ఆటు మధ్యాహ్నం నాలుగింటికి అయితే ఇదే దారి తలకిందులుగా, ఓషన్ పాత్ పొద్దున ఎనిమిదింటికి, బార్ ఐలండ్ మూడు తర్వాత. ఆటు మధ్యాహ్నం ఒంటిగంటకి పడితే పొద్దున క్యారేజి రోడ్డు, మధ్యాహ్నం దీవి, థండర్ హోల్ సాయంత్రం ఆరింటికి. కాడిలాక్‌ని ఎలాగూ బాస్టన్ వైపు తిరిగే దారిలో వెనక అద్దంలో చూడొచ్చు.